సరిహద్దు మనకంటె చిన్నది



మేట్టుపాళయంలో మా ఇంటి వసారాలో ఆదివారాలు జరిగే తెలుగు తరగతికి వచ్చే పిల్లలలో ఒక అమ్మాయి ఇటీవల నన్నొక ప్రశ్న అడిగింది. ఐదవ తరగతి చదువుతున్నది. సెలవులలో కుటుంబంతో తిరుపతికి వెళ్ళి వచ్చింది. అక్కడ ఒక దుకాణంలో తెలుగులోనే బేరమాడితే, దుకాణదారు నవ్వి "మీరు అరవవాళ్ళా?" అన్నాడట. ఇక్కడ బడిలో తోటి పిల్లలు ఆమెను తెలుగుపిల్ల అనే పిలుస్తారు. "సార్, మనం ఆడ అరవవాళ్ళం, ఈడ తెలుగువాళ్ళం. మరి మన ఊరేది?" అని అడిగింది.

"మేట్టుపాళయమే నమ్మా" అన్నాను. సమాధానం సరియైనదే. కాని అది ఆ బిడ్డకు చాలలేదని ముఖం చూడగానే తెలిసింది. తాను ఎవరో తెలుసుకోగోరే బిడ్డకు ఒక మాట చాలదు, ఒక కథ కావాలి. ఆ కథను మనం ఇవ్వడం లేదన్నదే ఈ వ్యాసంలో నేను మీతో విన్నవించుకొనదలచిన విషయం.

మొదట చరిత్రను చూడండి. విశ్వనాథ నాయకుడు మదురలో పాలన ఆరంభించినది 1529 ప్రాంతంలో. మన ఊరి పేరులోని "పాళయం" అనే మాటే ఆ పాళెగాళ్ళ కాలాన్ని గుర్తుకు తెస్తుంది. మదురను 1706 నుండి 1732 వరకు ఏలిన విజయరంగ చొక్కనాథుడు స్వయంగా తెలుగు వచనం వ్రాసినవాడు. తెలుగు సాహిత్య చరిత్రలో దక్షిణాంధ్ర యుగమని ఒక యుగానికి పేరు వచ్చిందంటే అది మదుర, తంజావూరుల చలవే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినదో, 1953 అక్టోబరు 1న. భాషాప్రయుక్త రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ 1956 నవంబరు 1న జరిగింది. అనగా మన పూర్వులు ఇక్కడ సేద్యం చేసి, చెరువులు త్రవ్వి, మగ్గాలు నేసి, చెప్పులు కుట్టి, కొన్ని శతాబ్దాలు గడిచిన తరువాత ఈ గీత పడింది. మనము సరిహద్దును దాటి రాలేదు. సరిహద్దే మన తరువాత పుట్టింది.

సరిహద్దు ఎంత చంచలమైనదో తిరుత్తణిని చూస్తే తెలుస్తుంది. మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆ ఊరు 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్ళి, 1960 ఏప్రిల్ 1న మరల మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. అక్కడి అవ్వ ఒకతె తన వాకిలి దాటకుండానే ఏడేండ్లలో రెండుసార్లు రాష్ట్రం మారినదన్నమాట. ఉర్దూ రచయిత సాదత్ హసన్ మంటో 1955లో ప్రకటించిన "టోబా టేక్ సింగ్" కథలో పిచ్చాసుపత్రిలోని ఒక వృద్ధుడు తన ఊరు హిందూస్థానంలో ఉన్నదా, పాకిస్తానంలో ఉన్నదా అని అందరినీ అడుగుతాడు. చివరకు రెండు సరిహద్దుల నడుమ, ఏ దేశానికీ చెందని నేలపై కూలిపోతాడు. దేశవిభజనలో పారినంత నెత్తురు రాష్ట్ర విభజనలో పారలేదు, ఆ రెంటినీ సమానం చేయరాదు. అయినా మా తరగతి అమ్మాయి అడిగినది ఆ వృద్ధుని ప్రశ్ననే.

ఇక మన కథ చెప్పే పుస్తకం సంగతి. అది ఉన్నది, అయితే తమిళంలో ఉన్నది. కోవిల్పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామంలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో "గోపల్ల గ్రామం" అనే నవలను వెలువరించారు. ఒక పాలకుడు తమ పిల్లను కోరాడన్న భయంతో తెలుగునేలను విడిచి, రాత్రికి రాత్రే బయలుదేరిన కుటుంబం కథ అది. తరుముతున్నవారు వెనుక, నిండు ఏరు ముందు ఉండగా, గట్టుమీది చెట్టు వంగి వారిని దాటించిందని మంగత్తాయారు అనే ముదుసలి చెబుతుంది. తరువాత వారు దక్షిణాన నల్లరేగడి నేలలో అడవి నరికి, కాల్చి, దున్ని ఊరు కట్టుకుంటారు. దీనికి కొనసాగింపైన "గోపల్లపురత్తు మక్కళ్" 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. కి.రా. 2021లో పుదుచ్చేరిలో మరణించినప్పుడు తమిళనాడు ప్రభుత్వం రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. ఇంట తెలుగు మాట్లాడుతూ పెరిగిన మనిషి తమిళ సాహిత్యానికి పెద్ద దిక్కయ్యాడు. ఇంతకు మించి మన బిడ్డలకు చూపదగిన నిదర్శనం ఏమున్నది?

"తెలుగు తరగతిలో తమిళ పుస్తకమా?" అని కొందరు మిత్రులు అడుగుతారు. నా మనవి ఇది. మన పిల్లలకు తమిళం చదవడం తెలుగు చదవడంకంటె సులభం. వారు ఆ కథను తమిళంలో చదివి, మనకు తెలుగులో చెప్పాలి. తమ తాతముత్తాతలు ఏ భాషలో అనుభవించారో ఆ భాషలోకి ఆ కథను మరల తేవడంకంటె మంచి అభ్యాసం నాకు తోచలేదు. తెలుగులోనే కావాలనుకునే వారికి స.వెం. రమేశ్ గారి "ప్రళయకావేరి కథలు" ఉన్నవి. రెండు రాష్ట్రాల నడుమ పరచుకొన్న పులికాట్ సరస్సు ఒడ్డున బ్రతికినవారి కథలవి, ఆ నేల మాటలోనే వ్రాసినవి. ఆ మాటలలో మన ఇంటి మాటలు ఎన్ని వినిపిస్తాయో చూచి పిల్లలు ఆశ్చర్యపోతారు.

అయితే రెండు జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను. మొదటిది: వలస వచ్చిన కుటుంబాలలో చెప్పుకొనే ఈ గాథలలో పాలకుడు తరచు తురకరాజుగా కనబడతాడు. అది తరతరాలుగా చెప్పుకొన్న గాథ, శాసనం కాదు. మన తరగతిలో ముస్లిము బిడ్డ కూర్చుని ఉండవచ్చు. ఒక పాలకునిపై ఉన్న భయం ఒక మతంపై ద్వేషంగా మారకుండా చూడవలసినది చదివించే గురువే.

రెండవది ఇంకా ముఖ్యమైనది. నాయుళ్ళ వలస కథనే తెలుగువారందరి కథగా చెబితే అది సగం కథే అవుతుంది. కోయంబత్తూరు ప్రాంతంలో తెలుగును ఇంట నిలుపుకొన్న వారిలో అరుంధతీయులు ఎందరో ఉన్నారు. మన సంఘాల సభలలో వారి పేరు ఎన్నిసార్లు విన్నాము? పూమణి 1979లో వ్రాసిన "పిరగు", పెరుమాళ్ మురుగన్ 2000లో వ్రాసిన "కూళమాదారి" ఆ జనుల బ్రతుకును చూపిన తమిళ నవలలు. అవి కూడ మన అరలో ఉండాలి. భాష పేరు చెప్పి ఒకటి కమ్మని పిలిచి, కులం పేరు చెప్పి పంక్తిలో దూరంగా కూర్చోబెడితే, ఆ పిల్లలు మన తెలుగును ఎందుకు నమ్ముతారు?

తల్లిదండ్రుల భయం నాకు తెలియనిది కాదు. "తెలుగు అంటే పరాయివాళ్ళంటారు, పిల్లవాడు ఎందుకు అవస్థపడాలి?" అని మీలో కొందరు అడుగుతారు. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగును మాతృభాషగా చెప్పినవారు 5.87 శాతం. ఇంటిలో మాట్లాడుతూ, బయట దాచుకొన్నవారు దానికి తోడు. దాచినంత మాత్రాన బిడ్డకు ప్రశ్న తప్పదు, సమాధానమే తప్పిపోతుంది. తమిళం ఈ నేల భాష, దానిని మన బిడ్డలు నిండుగా నేర్వాలి. తెలుగు మన ఇంటి భాష, దానిని సిగ్గుపడకుండా పలకాలి. ఒకదానికోసం మరొకదానిని వదలవలసిన అవసరం కి.రా.కు కలుగలేదు.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడులలో తెలుగు స్థానం కోసం మనవారు న్యాయస్థానాల మెట్లెక్కారు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు అండగా ఉన్నది. ఆ పోరాటం సాగవలసినదే. కాని చట్టం మనకు తరగతిలో ఒక గంటను మాత్రమే ఇప్పించగలదు. ఆ గంటలో కూర్చోవాలన్న కోరికను బిడ్డకు పుట్టించేది పుస్తకమే.

కనుక మీరు ఈ నెలలో రెండు పనులు చేయవలసినదిగా కోరుతున్నాను. ఒకటి, ప్రతి బిడ్డ తన అవ్వనో తాతనో అడిగి, తమ కుటుంబం ఈ ఊరికి వచ్చిన కథను ఒక పుటలో వ్రాయాలి. "పళ్ళికూడం" అని వ్రాసినా, "ఆడ", "ఈడ" అని వ్రాసినా ఎర్ర సిరాతో కొట్టివేయకండి. ప్రక్కన "బడి", "అక్కడ", "ఇక్కడ" అని వ్రాసి, రెండూ తెలిసి ఉండడం మంచిదని చెప్పండి. రెండు, కి.రా. తన కరిసల్ నేల మాటలకు నిఘంటువు కూర్చినట్లు, మన ఇళ్ళలోని మాటలకు పిల్లలచేత ఒక నోటుపుస్తకం పెట్టించండి. వంటింటి మాటలతో మొదలుపెట్టండి, అవి అవ్వలతోపాటే పోతున్నవి.

ఆ అమ్మాయికి నేను ఏరు దాటిన కథ చెప్పాను. "ఆ ఏరు మన భవానియా సార్?" అని అడిగింది. కాదన్నాను. మరుసటి ఆదివారం ఒక పుట నిండా వ్రాసి తెచ్చింది. వాళ్ళ అవ్వకు ఏరు గుర్తులేదట. రాళ్ళు ఏరి చేను చేసుకున్న సంగతి మాత్రం తన అమ్మమ్మ చెప్పిందట. ఆ పుటకు పేరు ఏమి పెట్టాలని నన్ను అడగలేదు. తానే పైన "మా ఊరు" అని వ్రాసుకొన్నది.