పాత ఫ్రిజ్జులో పొగ మాంసం: చౌక అనుకుంటే మునిగిపోతారు

ఈ పోస్టు కొంచెం పెద్దది. పాత ఫ్రిజ్జు కొనాలని చూస్తున్నవాళ్లు మాత్రం ఆఖరిదాకా చదవండి.

మా ఊర్లో నలుగురు పిల్లోళ్లు తలా పదివేలు వేసుకుంటున్నారు. మూతబడిన హోటళ్ల దగ్గర, బేకరీల దగ్గర పాత కూల్‌డ్రింక్ ఫ్రిజ్జులు కొని, వాటిని పొగపెట్టెలుగా మార్చి, పొట్టేలు మాంసానికి పొగబెట్టి అమ్ముతారంట. కింద బొగ్గులు, పైన మాంసం, తలుపు మూస్తే అయిపాయె అని వీడియోలో చూశారు. నేను వద్దంటే "నీకు కొత్తదేదీ గిట్టదులే మామా" అన్నారు. గిట్టకపోతే పోయినేడు అదే పని నేనెందుకు చేస్తాను?

చేశాను. పాత సామాన్ల అంగట్లో రెండున్నర వేలకు అద్దం తలుపు ఫ్రిజ్జు తెచ్చినా. కింద మూకుడులో బొగ్గులేసి, పైన చింతచెక్క పేళ్లు పరిచి, ఎనిమిది కిలోల మాంసం కొక్కేలకు వేలాడదీసినా. గంటకే లోపలి తెల్లటి గోడ మెత్తబడి మైనంలా జారింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు కరిగి కారింది. మా ఇంటావిడ ఒక ముక్క వాసన చూసి, "కాలిన బకెట్టు వాసనొస్తాంది, ఇది కుక్కకు కూడా పెట్టొద్దు" అనింది. ఎనిమిది కిలోలూ గుంత తీసి పూడ్చినా. ఆ పొద్దు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే తప్పవుతుంది.

ఆ పెట్టెను దేనికి చేశారో చూడండి. ఫ్రిజ్జు చలిని లోపల పట్టి ఉంచేదానికి చేసిన వస్తువు. చాలావాటికి లోపలి గోడ ప్లాస్టిక్. నూరు డిగ్రీలు రాకముందే మెత్తబడేది కూడా ఉంది. ఆ గోడ వెనకాల పసుపు రంగు నురగ ఉంటుంది, దాన్ని పాలీయురెథేన్ అంటారు. అది కాలితే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సైనైడు వస్తాయి. రెండూ ప్రాణం తీసే గాలులే. ఆ పొగలో వేలాడదీసిన మాంసం మన బిడ్డల కంచంలోకి వస్తుంది.

రెండోది గ్యాసు. ఈ మధ్య వచ్చే చిన్న ఫ్రిజ్జుల్లో ఐసోబ్యూటేనో, ప్రొపేనో ఉంటుంది. ప్రొపేను మన వంట సిలిండర్లో ఉండే జాతే. దాన్ని తీయించకుండా గ్రైండరుతో గొట్టం కోస్తే ఒక్క రవ్వ చాలు. పాతవాటిలో ఉండే గ్యాసు అంటుకోకపోయినా గాలిలోకి వదిలేది కాదు. మెకానిక్కును పిలిచి ముందు గ్యాసు తీయించాల్సిందే.

మూడోది కమ్మీల అరలు. కొన్నిటికి ప్లాస్టిక్ పూత ఉంటుంది, కొన్నిటికి జింకు పూత, బాగా పాతవాటిలో కాడ్మియం పూత కూడా ఉండొచ్చు. వేడి తగిలిన ఆ పూత మీద మాంసం పెట్టకూడదు. స్టీలు కమ్మీలే వాడాలి.

నాలుగోది పిల్లలు. బయటినుంచి గడియపడే పాత ఫ్రిజ్జుల్లో దాక్కుని ఊపిరాడక పిల్లలు చనిపోతే, అమెరికాలో 1956లో చట్టమే చేశారు, తలుపు లోపలినుంచి కూడా తెరుచుకోవాలని. మన పిల్లోళ్లు పొగ పోకుండా బయట గడియ బిగిస్తామంటున్నారు. దొంగాట ఆడే పసిపిల్లలు ఏ ఊర్లో లేరు?

"మరి అమెరికావాళ్లు చేస్తున్నారు కదా" అంటారు. చేస్తున్నారు. తెలిసినవాళ్లు లోపలా బయటా ఇనుమో స్టీలో ఉన్నదాన్నే ఏరుకుంటారు. రబ్బరు, ప్లాస్టిక్, మోటరు అన్నీ పీకేస్తారు. పొయ్యి బయటపెట్టి గొట్టంలో పొగ మాత్రమే లోపలికి పంపుతారు. పైన పొగ పోయే దారి పెడతారు. ఇవన్నీ చేయిస్తే వెల్డింగుకు, స్టీలుకు ఎంతవుతుందో లెక్కేసుకోండి. ఇంక చౌక ఎక్కడుంది?

అసలు మనకు ఈ విద్య కొత్తదా? మన ఉప్పుకండ, తెలంగాణ వాళ్ల ఒట్టి తునకలు ఏ కరెంటు పెట్టెలో చేశారు? మాంసాన్ని సన్నగా వారలు కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి దండెం మీద ఎండబెట్టేవాళ్లు. మా అవ్వ ఎండిన వారల్ని పొయ్యిపైన ఉట్టిలో పెట్టేది. రోజూ వంట పొగ తగిలేది. ముందు ఉప్పు, తర్వాత ఎండ, ఆఖరున పొగ. ఆ వరస ఊరికే పెట్టలేదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య పచ్చిమాంసంలో క్రిములు తొందరగా పెరుగుతాయి. గోరువెచ్చటి పొగలో లావు పచ్చిముక్కలు గంటలకొద్దీ వేలాడదీస్తే పైన ఎర్రగా కనిపిస్తుంది, లోపల కుళ్లుతుంది.

పెట్టె కావాల్సిందే అనుకుంటే ఇటుకతో కట్టుకోండి. మూడడుగుల చదరం, అయిదడుగుల ఎత్తు, బంకమట్టితో చాలు. పొయ్యి ఆరడుగుల దూరంలో గుంతలో పెట్టి, కాలవ తవ్వి పైన కడప బండలు పరవండి. నిప్పు దగ్గర మాత్రం ఇటుకే పెట్టండి, బండ వేడికి పగులుతుంది. ఇది ఉప్పేసి ఎండబెట్టిన వారలకు మాత్రమే. పచ్చిముక్కలు చేయాలంటే నిప్పు ఇటుక గూటి కిందే ఉండాలి, ముక్క నడుమ థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. కట్టెకు చింత, మామిడి, జామ వాడండి. రంగేసిన చెక్క, ప్లైవుడ్డు వద్దు. గన్నేరు పుల్ల విషం, దాన్ని దగ్గరికి కూడా రానీయొద్దు.

అమ్మేవాళ్లకు ఇంకో మాట. 2006 ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. ఒక్క ఇంట్లో తిన్నవాళ్లకు వాంతులైతే మీ నలభైవేలే కాదు, ఊర్లో మాంసం అమ్ముకునే ప్రతివాడి పేరూ పోతుంది.

తమ్ముళ్లారా, వ్యాపారం చేయొద్దనడం లేదు. మన పొట్టేళ్లను దళారికి తక్కువ ధరకు తోలేదానికన్నా మనమే ఉప్పుకండ చేసి అమ్ముకుంటే మంచిదే. ఆ నలభైవేలతో ఇటుక గూడు కట్టండి, స్టీలు కమ్మీలు కొనండి, మంచి థర్మామీటరు కొనండి. గూడు కట్టే రోజు నేనే వచ్చి మట్టి తొక్కుతా.

నా పాడైన ఫ్రిజ్జు ఇంకా కొట్టంలోనే ఉంది. పిల్లలు ఎక్కకుండా తలుపు ఊడబీకినా. నమ్మకం లేనివాళ్లు వచ్చి లోపలి గోడ చూసుకోండి. మీ ఊర్లో ఎవరైనా ఇదే పని మొదలుపెడుతుంటే ఈ పోస్టు చదివి వినిపించండి.