తాత రివాల్వర్ ‘యాంటిక్’ అయితే లైసెన్స్ అక్కర్లేదా? సిలిండర్ చూస్తే తెలిసేదేంటి?

ఎన్నికల కోడ్ వస్తే లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పగించడం పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు జనానికి కొత్తేం కాదు. చెన్నూరు లాంటి పెన్నా ఒడ్డు ఊళ్లకీ అంతే. కానీ ట్రంకు పెట్టెలో మిలటరీ తాత దాచిన రివాల్వర్ బయటపడితే? ‘పాతదే కదా, యాంటిక్’ అని వదిలేస్తే మాత్రం చిక్కే.

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45 పాత ఆయుధాలకు మినహాయింపు ఇచ్చింది నిజమే. అయితే షరతు ఉంది. రిపేర్ చేసినా సరే, అది పేలని స్థితిలో ఉండాలి. వందేళ్ల నాటిదైనా చిన్న పార్ట్ మారిస్తే పేలుతుందంటే మినహాయింపు వర్తించదు.

ఇక సిలిండర్ సంగతి. బ్రిటిష్ సైన్యం 1915లో తీసుకున్న వెబ్లీ మార్క్ 6నే చూడండి. ఆరు తూటాలు, .455 బోర్. యుద్ధాల తర్వాత మిగిలిన వాటిలో చాలా అమెరికా మార్కెట్‌కు వెళ్లాయి. అక్కడ .455 తూటాలు అరుదు, .45 ఏసీపీ మాత్రం ఎక్కడైనా దొరికేది. దాంతో సిలిండర్ వెనుక భాగాన్ని అరగదీసి, క్లిప్‌లతో ఆ తూటాలు పట్టేలా మార్చేశారు.

ఎలా గుర్తుపడతారు? సిలిండర్ వెనుక అంచుకీ ఫ్రేమ్‌కీ మధ్య సందు మామూలు కంటే ఎక్కువ కనిపిస్తుంది. మిగతా లోహం మాసిపోయి ఉంటే, అరగదీసిన చోట మెషిన్ గీతలు కనిపించొచ్చు. ఫ్రేమ్ మీద నంబర్, సిలిండర్ మీద నంబర్ ఒకటేనా అన్నదీ చూస్తారు. వేరైతే సిలిండర్ మధ్యలో మారినట్టే. కానీ నంబర్ కలిసిందని ఒరిజినల్ అనుకోవద్దు! అసలు సిలిండర్‌నే అరగదీసి ఉండొచ్చు. చాలామంది పొరబడేది ఇక్కడే.

కలెక్టర్లు ఇలాంటి వాటికి ధర తగ్గించేస్తారు. అది చిన్న నష్టం. ఫ్యాక్టరీ .45 ఏసీపీ తూటా ప్రెషర్ ఈ వెబ్లీ తట్టుకోవాల్సిన దానికంటే ఎక్కువ. పేల్చితే సిలిండర్ చేతిలోనే పగిలే ప్రమాదం ఉంది.

అందుకే ఇంట్లో దొరికితే ట్రిగ్గర్ నొక్కి చూడటం, లేత్ మెషిన్ షాపుకి తీసుకెళ్లడం వద్దు. లైసెన్స్ లేకుండా తుపాకీ రిపేర్ చేయడం, మార్చడం సెక్షన్ 5 కింద నిషేధం. ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పండి. ఇలాంటివి స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసే దారి సెక్షన్ 21లో ఉంది. ఒరిజినలా, మార్చిందా అనేది ఆ తర్వాత ఆర్మరర్ చూసి చెప్తారు.