వ్రాతప్రతి నప్పగించుటకు ముందు

మన దేశభాషా గ్రంథములకు దేశాంతరములయందు గిరాకి కలుగుచున్నది. హిందీ నవల యొకటి 2022లోను, కన్నడ కథల సంపుటి యొకటి 2025లోను ఇంగ్లీషు అనువాదరూపమున అంతర్జాతీయ బుకర్ బహుమానమును గడించిన పిదప, తెలుగు రచయితలకును, తెలుగునుండి అనువదించువారికిని, ఇంగ్లీషున వ్రాయు మన యువకులకును ఆశలు చిగిర్చినవి. ఈ యాశ శ్లాఘ్యమే. కాని ఆశ యున్నచోటికి దళారియు వచ్చును. లిటరరీ ఏజెంటు అను పేరు మన పట్టణములలో నిప్పుడిప్పుడే వినబడుచున్నది. ఆ పేరు పెట్టుకొనుటకు పరీక్ష లేదు, లైసెన్సు లేదు. నిన్న బోర్డు కట్టినవాడును నేడు ఏజెంటే. కావున క్రొత్త ఏజెంటునకు వ్రాతప్రతిని పంపకమునుపే అతని పూర్వోత్తరములను విచారించు భారము రచయితమీదనే యున్నదని మా దృఢాభిప్రాయము.

ఏజెంటు చేయవలసిన పని యేమి? రచయిత పక్షమున ప్రచురణకర్తతో బేరమాడుట, ఒడంబడికను చదివి సవరించుట, అనువాదహక్కులను, సినిమాహక్కులను వేర్వేరుగ అమ్ముట, రావలసిన పైకమును వసూలుచేసి లెక్క యప్పగించుట. తెలుగునాట రచయిత చాలవరకు తానే ప్రచురణకర్త గుమ్మము నెక్కెను. లేదా అప్పుచేసి తన పుస్తకమును తానే అచ్చువేయించుకొనెను. అందుచే ఈ మధ్యవర్తితోడి వ్యవహారము మనకు అలవాటు లేదు. ఇంగ్లీషు ప్రచురణలోకపు పద్ధతి వేరు. అచ్చటి పెద్ద సంస్థలలో పెక్కు ఏజెంటు ద్వారమున రాని వ్రాతప్రతిని చూడనే చూడవు. కాన ఏజెంటు వలదని మేము చెప్పుటలేదు. ఎరిగి ఎన్నుకొనుడని చెప్పుచున్నాము.

క్రొత్తవాడగుట దోషము కాదు. 19వ శతాబ్దము చివరి భాగమున లండనులో ఏ. పి. వాట్ అను స్కాట్లండు దేశీయుడు నూటికి 10 వంతున కమిషను పుచ్చుకొని రచయితల వ్యవహారములను నడపుటకు పూనుకొన్నప్పుడు ఆ వృత్తియే క్రొత్తది. 1893లో హైన్మన్ అను ప్రసిద్ధ ప్రచురణకర్త ఈ మధ్యవర్తులను పత్రికాముఖమున తీవ్రముగ నిరసించెను. అయినను కోనన్ డాయిల్, కిప్లింగు వంటివారు వాట్‌ను విడువలేదు. పేరుపొందిన ఏజెంటునకు తీరిక తక్కువ. క్రొత్తవానికి తీరికయు, పేరు సంపాదింపవలెనను పట్టుదలయు నుండును. కాని క్రొత్తదనము వేరు, ఊరు పేరు తెలియకుండుట వేరు. మొదటిది క్షమింపదగినది, రెండవది విచారింపదగినది.

కాడెద్దును కొనువాడు పండ్లు చూచును, నడక చూచును, నాగలికి కట్టి చూచును. కొన్ని యేండ్లు శ్రమించి వ్రాసిన గ్రంథము నప్పగించువాడు అంతమాత్రమైనను చూడవలదా? ఈ వ్యక్తి ఇంతకుముందు ఏ ప్రచురణసంస్థలో పనిచేసెను? ఏ యనుభవజ్ఞుని చేతిక్రింద ఈ వృత్తిని నేర్చెను? ఏ పుస్తకమును ఏ సంస్థకు అమ్మెను? ఇవి మొదట అడుగవలసిన ప్రశ్నలు. జవాబు నిజమో కాదో తెలిసికొనుట కష్టము కాదు. అనేక గ్రంథములలో కృతజ్ఞతల పుట యుండును. రచయితలు తమ ఏజెంటును అందు పేర్కొందురు. పఠనమందిరమున కూర్చుండి ఆ పుటలను తిరుగవేసినచో ఎవరు ఎవరికి పనిచేసిరో తెలియును. పిమ్మట ఆ రచయితలకే ఒక జాబు వ్రాసి అడుగవచ్చును.

ఇంకొక మాట. అసమర్థుడగు ఏజెంటు వలన నష్టము లేదని తలంపరాదు. అతడు వ్రాతప్రతిని తగనిచోట్లకెల్ల పంపి తిరస్కారములను తెచ్చినచో, ఒకమారు కాదన్న సంస్థ ఆ గ్రంథమును మరల చూచుట యరుదు. తరువాత మంచి ఏజెంటు దొరికినను, తట్టుటకు తలుపులు మిగులవు.

ధనము మాట స్పష్టముగ చెప్పవలెను. పుస్తకము అమ్ముడుపోయిన పిదపనే ఏజెంటు ఫలితము పొందవలెను. నేడు సాధారణముగ స్వదేశ విక్రయముపై నూటికి 15, విదేశ విక్రయముపై 20 వంతుల కమిషను వాడుకలో నున్నది. చదువుటకు రుసుము, నమోదునకు రుసుము, దిద్దుటకు రుసుము అని ముందుగనే చేయి చాచువాని లెక్క వేరు. నూరుగురు రచయితలయొద్ద తలకొక 5,000 రూపాయలు పుచ్చుకొన్నచో, ఒక్క పుస్తకమును అమ్మకయే 5 లక్షలు చేతబడినవి. ఇక అమ్ముటకు అతనికేల శ్రమ? అమెరికా ఏజెంట్ల సంఘము తన సభ్యులు చదువుటకు రుసుము గ్రహింపరాదని నియమము చేసికొనుటకు కారణమిదియే.

ఒడంబడికను సంతకమునకు ముందు చదువవలెను. మన 1957 కాపీరైటు చట్టము హక్కుల బదలాయింపు వ్రాతమూలకముగ, సంతకముతో నుండవలెనని విధించినది; గడువు వ్రాయనిచో 5 సంవత్సరములనియు, ప్రదేశము వ్రాయనిచో భారతదేశమనియు గ్రహించుచున్నది. కాని శాశ్వతముగ, ప్రపంచమంతటను అని వ్రాసిన కాగితముపై చేవ్రాలు చేసినవానికి ఈ రక్షణ యెట్లు ఉపకరించును? ఏజెంటునకు ప్రతినిధిత్వ మీయవచ్చును, గ్రంథస్వామ్య మీయరాదు. విడిపోవు పద్ధతియు, లెక్క చూపు గడువును అందు వ్రాసియుండవలెను. లెక్క విషయమున పాతపేరును చాలదు. న్యూయార్కులో ఎంతో పేరుగాంచిన డొనాడియో అండ్ ఓల్సన్ సంస్థలో లెక్కలు వ్రాయువాడే రచయితలకు చెందవలసిన 34 లక్షల డాలర్లను అపహరించినట్లు 2018లో బయటపడినది. పెద్ద రచయితలే మోసపోయినచోట చిన్నవారు మరింత మెలకువగ నుండవలదా?

ఇన్ని ప్రశ్నలు వేసినచో ఏజెంటునకు కోపము రాదా యని కొందరు శంకింతురు. నిజాయితీపరుడు సంతోషించును, కోపగించువాడు తన జవాబును తానే యిచ్చినవాడగును. అసలు చిక్కు వేరొకచోట నున్నది. పది తిరస్కారములు తిన్న రచయితకు మొదటి ‘సరే’ అమృతమువలె తోచును. ఆ దాహములో పాత్రను పరీక్షింపడు. నమ్మి నానబోసిన పుచ్చి బుర్రలైనవని పిదప వగచి ప్రయోజనమేమి? చెడ్డ ఏజెంటు కంటె ఏజెంటు లేకుండుటయే మేలు. వ్రాతప్రతి మీ బల్లమీద నున్నంతకాలము అది మీది. ఒక మాసము విచారణకై ఆగినందువలన దాని విలువ తరుగదు. తెలుగు రచన దూరదేశములకు పోవుగాక! ఎవరి చేతిమీదుగ పోవుచున్నదో తెలిసి పోవుగాక!