మాట మార్చే సెల్‌ఫోన్ కంపెనీలు

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్న చందంగా ఉంది సెల్‌ఫోన్ కంపెనీల వైఖరి. కనెక్షను ఇచ్చేనాడు ఒక ధర. ఆ నంబరు బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు ముడిపడ్డాక మరో ధర. గంపలగూడెం మండలంలో మిరప రైతుకైనా, మామిడి తోట కూలీకైనా నేడు ఫోను విలాస వస్తువు కాదు. పంట సొమ్ము ఖాతాలో పడిన కబురు దానికే రావాలి. ఆ అవసరమే కంపెనీలకు బలమైంది.

2016 సెప్టెంబరులో రంగప్రవేశం చేస్తూ, కాల్స్‌కు ఎన్నడూ రుసుము ఉండదని జియో ప్రకటించింది. 2019 అక్టోబరులో ఇతర నెట్‌వర్కులకు చేసే కాల్స్‌పై నిమిషానికి 6 పైసల వసూలు మొదలుపెట్టింది. కంపెనీలు పరస్పరం చెల్లించుకునే రుసుము రద్దు కానందునే ఇలా చేశామన్నది సంస్థ వాదన. 2021 జనవరి 1న అది రద్దయ్యాకే వసూలు ఆగింది. కంపెనీల మధ్య లెక్క తేలకపోతే ఆ భారం వినియోగదారుడు మోయాలా?

2024 జూలై 3న జియో, ఎయిర్‌టెల్, మరునాడు వొడాఫోన్ ఐడియా ధరలు పెంచాయి. జియోలో 155 రూపాయల పథకం 189 అయింది. గడువు 28 రోజులే గనుక ఏడాదికి 13 రీచార్జిలు తప్పవు. అంటే ఒక్క ఫోనుకు 442 రూపాయల అదనపు భారం. ఇంట్లో మూడు ఫోన్లుంటే 1,326 రూపాయలు. నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే హక్కు 2011 నుంచి దేశమంతటా ఉన్నమాట నిజమే. కాని ఊళ్లో ఒక్క కంపెనీ సిగ్నలే సరిగా అందేవారికి ఆ హక్కు కాగితానికే పరిమితం.

పథకంలో చేరిన నాటినుంచి ఆరు నెలలు ధర పెంచరాదన్న నిబంధనను ట్రాయ్ ఏనాడో చేసింది. అయితే 28 రోజులకే గడువు తీరే రీచార్జిదారుకు దానివల్ల ఒరిగేది స్వల్పం. డేటా అక్కరలేనివారికి కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే విడి పథకాలు ఇవ్వాలని 2024 డిసెంబరు 23న ట్రాయ్ ఆదేశించడం హర్షణీయం. కాని 2025 జనవరిలో కంపెనీలు తెచ్చినవి 84 రోజుల, 365 రోజుల పథకాలు. రోజుకూలీ అంత సొమ్ము ఒక్కసారి ఎక్కడినుంచి తేగలడు?

వినియోగదారులు చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. మొదట కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి. పరిష్కారం కాకుంటే ఆ కంపెనీలోని అప్పిలేట్ అధికారికి విన్నవించాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫోను 1915. టెలిఫోను వివాదాలు వినియోగదారుల న్యాయస్థానాల పరిధిలోకి రావని 2009లో ఇచ్చిన తీర్పు చాలాకాలం అడ్డుగా నిలిచింది. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు ఆ అడ్డు తొలగించింది. 2019 నాటి చట్టం ప్రకారం తామున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. గంపలగూడెం వాసి విజయవాడ వెళ్తే చాలు, ముంబాయి వెళ్లనక్కరలేదు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు రుసుము కూడా లేదు.

ధర లేదా షరతు మార్చేముందు కనీసం నెల రోజుల ముందుగా తెలుగులో తెలియజేయాలి. ఆ వివరాలు ప్రతి రీచార్జి దుకాణం ముందు అంటించాలి. ఒకే పథకాన్ని తిరిగి తీసుకునేవారికి ఆరు నెలలు ధర మారకుండా ట్రాయ్ నిబంధనను సవరించాలి. డిసెంబరు 24 వినియోగదారుల దినోత్సవాన్ని జిల్లా అధికారులు విజయవాడ సభలతో సరిపెట్టక, మండల కేంద్రాల్లో ఫిర్యాదులు స్వీకరించే శిబిరాలుగా మార్చాలి. హక్కు ఉన్నదని తెలియని చోట చట్టం ఉన్నా లేనట్టే.