‘పాస్‌డ్’ అంటే బాగున్నట్టు కాదు

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కాస్త సతాయించగానే మనవాళ్లు స్మార్ట్‌సీటీఎల్ రన్ చేస్తారు. డిస్క్ తన గురించి తాను రాసుకున్న స్మార్ట్ రిపోర్ట్ వస్తుంది. పైన ‘పాస్‌డ్’ అని కనిపిస్తే హమ్మయ్య అనుకుని మూసేస్తారు. ఆ ఒక్క మాటని నమ్మడం మానేయాలని నా అభిప్రాయం. బొటాబొటి మార్కులతో గట్టెక్కినవాడికీ టాపర్‌కీ రిజల్ట్స్‌లో వచ్చేది అదే మాట కదా! కంపెనీ పెట్టిన హద్దు దాటేదాకా అది మారదు.

చూడాల్సింది కింద ఉండే పట్టిక. అక్కడ కూడా పెద్ద అంకె కనిపించగానే కంగారు పడక్కర్లేదు. సీగేట్ డిస్కుల్లో మొదటి వరుసలో ఉండే రీడ్ ఎర్రర్ రేట్ కోట్లలో ఉండటం మామూలే, ఎన్నిసార్లు చదివిందన్న లెక్క కూడా అందులో కలిసి ఉంటుంది. 199 పెరుగుతుంటే చాలాసార్లు తప్పు కేబుల్‌ది. 5, 197, 198 మాత్రం వేరు. పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లు, అనుమానంలో ఉన్నవి, చదవలేక చేతులెత్తేసినవి ఎన్నో చెప్పేది ఇవే. ఈ వారం 8 ఉన్నది వచ్చే వారం 40 అయితే, ఆ డిస్క్‌తో ఇక పని లేదు.

2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి ఒక పేపర్ రాశారు. మొదటి స్కాన్ ఎర్రర్ వచ్చిన డిస్క్ 60 రోజుల్లో పోయే అవకాశం, ఆ ఎర్రర్ లేని డిస్క్ కంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే పేపర్‌లో ఇంకో మాట కూడా ఉంది. పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, ముఖ్యమైన నాలుగు ఎర్రర్ లెక్కల్లోనూ సున్నాలే చూపించాయి!

అంటే ఈ లెక్కలు డిస్క్‌ని అనుమానించడానికి పనికొస్తాయి, నమ్మడానికి కాదు. మరి చూడటం దేనికి అంటారా? ముందే తెలిసిన కొన్నిసార్లైనా తీరిగ్గా డేటా మార్చుకోవచ్చు. నెలకోసారి ఆ మూడు వరుసలు రాసి పెట్టుకోండి. సున్నాలున్నా సరే, రెండో కాపీ ఇంకోచోట ఉంచండి. ప్రాజెక్ట్ కోడ్ పోతే తిట్టుకుంటూ మళ్లీ రాసుకుంటాం. తాతయ్య గొంతు ఉన్న వీడియో పోతే, మళ్లీ ఎక్కణ్ణించి తెస్తాం?