వరమిచ్చిన రాజ్యాంగము, వరమీయని పూజారి

ప్రజాస్వామ్యమునకు పెట్టని కోట తమ దేశమేయని అమెరికా సంయుక్తరాష్ట్రముల నాయకులు లోకమునకు చాటుచుందురు. ఆ చాటింపు విని తలయూపువారు మనలోను కలరు. కాని ప్రజాస్వామ్యమును ఉపన్యాసములతో కొలువరాదు. అతిదీనుడైన పౌరుడు వోటుపెట్టెను చేరుటకు ఎన్ని గడపలు దాటవలసియున్నదో లెక్కించి కొలువవలయును. ఈ కొలబద్దకు అమెరికా చరిత్రము నిలువజాలదు.

1870వ సంవత్సరమున రాజ్యాంగమునకు పదునైదవ సవరణ జరిగెను. జాతినిగాని, వర్ణమునుగాని, పూర్వదాస్యమునుగాని కారణముగా జూపి పౌరుని వోటుహక్కును నిరాకరింపరాదని అందు స్పష్టముగా వ్రాసిరి. దేవుడు వరమిచ్చెను, పూజారి యీయలేదు. దక్షిణరాష్ట్రముల శాసనకర్తలు "నల్లవానికి వోటు లేదు" అని యెచ్చటను వ్రాయలేదు. వ్రాసినచో సవరణకు విరుద్ధమగును గదా! తలపన్ను చెల్లించినవానికే వోటనిరి. రాజ్యాంగ ప్రకరణమునకు అధికారి మెచ్చునట్లు అర్థము చెప్పినవానికే వోటని 1890లో మిసిసిపీవారు నిర్ణయించిరి. ఈ వలలో పేద తెల్లవాడు చిక్కకుండుటకై, 1867 జనవరి 1వ తేదీనాటికి తండ్రికో తాతకో వోటున్నవానికి పరీక్ష యక్కరలేదని 1898లో లూసియానావారు చేర్చిరి. బానిసయైన తాతకు వోటెక్కడిది? ఆ రాష్ట్రమున 1896లో 1,30,334 మంది నల్లజాతి వోటరులుండగా, 1904 నాటికి మిగిలినవారు 1,342 మంది!

ఈ తాతల నిబంధనవంటిదానిని 1915లో సుప్రీముకోర్టు కొట్టివేసెను. తెల్లవారికే పరిమితమైన పార్టీ ప్రాథమిక యెన్నికలను 1944లో కొట్టివేసెను. ఒక ద్వారము మూయగనే రాష్ట్రములు వేరొక కన్నము త్రవ్వుచుండెను. కన్నమునకొక దావా, దావాకు సంవత్సరములు.

1965 మార్చి 7వ తేదీన సెల్మా పట్టణపు వంతెనమీద, వోటుహక్కు కోరి శాంతముగా నడచుచున్న స్త్రీపురుషులను పోలీసులు లాఠీలతో మోదిరి. ఆ నెత్తురే ఆగస్టు 6వ తేదీన వోటుహక్కుల చట్టమైనది. దాని ప్రాణము ఒక్క సూత్రమున నున్నది: పూర్వము దోషము చేసిన ప్రాంతములు ఎన్నికల నిబంధనలను మార్చదలచినచో, అందు అన్యాయము లేదని తామే ముందుగా కేంద్రప్రభుత్వమునకో వాషింగ్టను న్యాయస్థానమునకో రుజువుచేసి అనుమతి పొందవలయును. ఋజుభారము బాధితుని భుజమునుండి బలవంతుని భుజమునకు మారెను. మిసిసిపీలో నల్లజాతివారియందు నూటికి 7గురైనను లేని వోటరులు 1967 నాటికి సుమారు 60 మందియైరి.

2013 జూన్ 25వ తేదీన సుప్రీముకోర్టు, అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలువగా, ఆ ప్రాంతములను నిర్ణయించు సూత్రమును రద్దుచేసెను. కాలము మారినది, ఆ పాతలెక్క చెల్లదని ప్రధానన్యాయమూర్తి రాబర్ట్సు సెలవిచ్చెను. కట్టవేసిన తరువాత ఊరు మునుగలేదు గనుక కట్టను తెగగొట్టవచ్చునా? ముందనుమతి సెక్షను గ్రంథమందున్నది. దానికి లోబడు ప్రాంతములు లేవు. ప్రాణము పోయినది, పేరు మిగిలినది.

ఫలితమునకు మరునాటివరకు కాచుకొననక్కరలేదు. నాడే టెక్సాసు రాష్ట్రము తన గుర్తింపుకార్డు శాసనమును అమలుచేయుదుమని ప్రకటించెను. దాని ప్రకారము తుపాకి లైసెన్సు చెల్లును. ప్రభుత్వ విశ్వవిద్యాలయపు విద్యార్థికార్డు చెల్లదు! దొంగవోట్ల నివారణకేయని సమర్థకులు చెప్పుదురు. దొంగవోటును మేమును సహింపము. కాని దొంగను పట్టదలచినవాడు తుపాకిగలవానిని నమ్మి, పుస్తకముగలవానిని శంకించునా? ఇది కంచె చేను మేయుట గాక మరేమి?

కోర్టులున్నవి గదాయని మరికొందరందురు. ఉత్తర కెరొలైనా 2013లో చేసిన శాసనము నల్లజాతివారిని ఉద్దేశించియే చేయబడినదని అప్పీలుకోర్టు 2016లో తీర్పుచెప్పెను. కాని 2014 ఎన్నికలు ఆ లోపలనే జరిగిపోయినవి. భూమిదావా గెలిచినవానికి భూమి వచ్చును; నడుమ నష్టపోయిన ఫలసాయమును వచ్చును. గడచిన యెన్నికలో పడని వోటును ఏ డిక్రీ తెచ్చియీయగలదు? వోటుహక్కునకు ఆలస్యన్యాయము న్యాయమే కాదు.

ఇది పరుల తగవని మనము చేతులు ముడుచుకొనరాదు. భారతీయుడు తెల్లవాడు కాడు గావున పౌరసత్వమున కర్హుడు కాడని 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున తీర్పుచెప్పినదియు ఈ సుప్రీముకోర్టే. 1946 వరకు ఆ ద్వారము మనకు మూసియేయుండెను. సెల్మా బాటసారులు దెబ్బలు తిన్న 1965లోనే, అక్టోబరు 3వ తేదీన, జాతిని జూచు పాతలెక్కను త్రోసివైచి కొత్త వలసచట్టము వెలువడెను. నేడు అచ్చట పౌరులై వోటువేయుచున్న తెలుగువారిలో అనేకుల కుటుంబములు ఆ త్రోవననే ప్రవేశించినవి. వారా ఋణమును మరువరాదు. 2021లో ప్రతినిధుల సభ అంగీకరించిన పునరుద్ధరణ బిల్లు సెనేటులో అడుగంటెను. దానిని మరల లేవనెత్తుడని తమ ప్రతినిధులను నిలదీయుట వారి విధి.

రాజ్యాంగములో వ్రాసిన హక్కు విత్తనము మాత్రమే. కావలి లేని చేను పండదు.