రెండు వందల దగ్గరే ఆగిన వాటా

2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏకీకృత పింఛను పథకం, దాన్ని ఎంచుకున్న కేంద్ర ఉద్యోగికి పాతికేళ్ల సర్వీసుపై చివరి ఏడాది సగటు మూలవేతనంలో సగం ఖాయం చేసింది. ఆ భరోసాను తప్పుపట్టలేం. అది ఆఫీసు గడప దాటకపోవడమే తప్పు. కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్‌లో నాట్లు వేసి వేసి నడుం వంగిన నిరుపేద కూలికి కేంద్రమిచ్చే వృద్ధాప్య పింఛను వాటా నెలకు 200 రూపాయలే. దాదాపు రెండు దశాబ్దాలుగా ఆ అంకె కదల్లేదు. ఎనభై నిండేదాకా బతికితే 500! 2019లో తన ఆసరా పింఛనును 2,016 చేసిన తెలంగాణ రాష్ట్రమే మిగతా బరువు మోస్తోంది. ఫలితంగా ముసలితనపు భద్రత ఎన్నికలకో వేలంపాటైంది. పాట ముగిశాక ఖజానా ఖాళీ అనడమూ మామూలైంది. ఉద్యోగి కరవు భత్యంలాగే ఈ వాటానూ ధరల సూచీకి ముడిపెట్టి, ఏటా ఏ నెలలో పెంచాలో పార్లమెంటు చట్టంలోనే రాయాలి.